పీకో మిషనులో సూది ఎందుకు ఊగుతుంది?

పటాన్‌చెరులోనో, సంగారెడ్డిలోనో బజారు వెంట నడిచి చూడండి. నాలుగు వీధులు తిరిగేలోగా "చీరలకు ఫాల్, పీకో చేయబడును" అన్న బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. ఫాల్ అంటే చీర కింది అంచుకు లోపలివైపు వేసే బట్ట పట్టీ అని మీకు తెలుసు. మరి పీకో? చీర కొసను కత్తిరించిన చోట పోగులు ఊడిపోకుండా దగ్గర దగ్గరగా వేసే సన్నని వంకర కుట్టు అది. ఈ కుట్టు లేకపోతే నాలుగు ఉతుకులు పడేసరికి చీర కొస నుంచి పోగులు వేలాడటం మొదలవుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. చాలా ఇళ్ళలో కనిపించే నల్లటి కుట్టుమిషను తనంతట తాను ఈ కుట్టు వేయలేదు. ఇంట్లో జాకెట్లు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకునే ఆమె చేతిలో ఎంత నేర్పు ఉన్నా, పీకో కోసం వచ్చిన చీరను మరో కొట్టుకు పంపవలసిందే. ఆ పని తాలూకు డబ్బులూ ఆ కొట్టుకే పోతాయి. రెండు మిషన్లకూ ఉన్న తేడా ఎంతో తెలుసా? పీకో మిషను సూది కిందికీ పైకీ ఆడటమే కాక, నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు కూడా ఊగుతుంది. అంతే తేడా!

ఆ ఊపు సంగతి చూసే ముందు, అసలు మిషను కుట్టు ఎలా పడుతుందో చూద్దాం. చేతి సూదికి బెజ్జం వెనుక కొసన ఉంటుంది. మిషను సూదికి మొన దగ్గరే ఉంటుంది. అందువల్ల సూది మొత్తంగా బట్టలోంచి అవతలికి పోనక్కర లేదు. బెజ్జం ఉన్న భాగం కిందికి దిగితే చాలు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన మిషనులోనూ సూది ఇలాంటిదే.

సూది అట్టడుగు దాకా దిగి, తిరిగి సుమారు రెండు మిల్లీమీటర్లు పైకి లేచిందనుకోండి. దానితో దిగిన దారం బట్టను రాసుకుంటూ ఉండటం వల్ల వెంటనే పైకి పోలేదు. సూది పక్కన చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కింద ఉన్న షటిలు కొక్కెం వచ్చి ఆ ఉచ్చులో మొన దూరుస్తుంది. ఉచ్చును పెద్దది చేసి, బాబిను చుట్టూ తిప్పి వదిలేస్తుంది. పైనున్న మీట దారాన్ని గుంజుతుంది. పై దారమూ, బాబిను దారమూ బట్ట మందంలో ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని బిగుసుకుంటాయి. కొక్కెం కాస్త ముందుగా వచ్చినా, కాస్త ఆలస్యంగా వచ్చినా ఉచ్చు అందదు. "మిషను కుట్లు వదిలేస్తోంది" అని టైలర్లు విసుక్కునేది చాలాసార్లు దీని గురించే.

ఒక కుట్టు పడ్డాక బట్ట జరగాలి కదా. ఆ పని పాదం కింద ఉన్న రంపపు పళ్ళది. అవి పైకి లేచి బట్టను పట్టుకుంటాయి, ఒక కుట్టు మేర జరుపుతాయి, కిందికి మునుగుతాయి, మునిగి ఉండగానే మొదటి చోటికి వచ్చేస్తాయి. 1854లో ఆలెన్ విల్సన్ పేటెంటు పొందిన ఈ నాలుగంచెల నడక ఇప్పటికీ కుట్టుమిషన్లలో నడుస్తూనే ఉంది.

ఇప్పుడు మీరు ఒక ప్రయోగం చేయండి. పొడవాటి కాగితపు పట్టీ తీసుకుని దాని మీద అడ్డంగా స్కేలు పెట్టండి. స్కేలును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, దాని అంచు వెంట పెన్సిలును ఎడమకూ కుడికీ ఆడిస్తూ ఉండండి. మీ స్నేహితుణ్ణి పట్టీని ఒకే వేగంతో మెల్లగా లాగమనండి. కాగితం మీద అలలు పడతాయి! నెమ్మదిగా లాగితే అలలు ఒత్తుకుంటాయి, వేగంగా లాగితే సాగిపోతాయి. మీ పెన్సిలు చేసింది అడ్డంగా ఆడటమే, కాగితం చేసింది ముందుకు పోవటమే. రెండూ కలిసేసరికి బొమ్మ పుట్టింది. మిషను వేసే పువ్వులూ, తీగలూ, గవ్వల వరుసలూ ఇలా పుట్టేవే. కుట్టు మాత్రం అదే పాత కుట్టు. మారేదల్లా సూది ఎక్కడ దిగుతుందన్నదే.

అయితే మీ పెన్సిలు గీత గీసింది, సూది మాత్రం చుక్కలే పెడుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య దారం తిన్నగానే ఉంటుంది. మిషను కుట్టులోని ప్రతి వంపూ దగ్గరగా చూస్తే చిన్న చిన్న తిన్నని ముక్కలే.

సూది పోగల వెడల్పును ఎడమ కొస 0, కుడి కొస 4 అని గుర్తు పెట్టుకుందాం. సూది 0, 4, 0, 4 అని దిగితే మామూలు వంకర కుట్టు పడుతుంది. 0, 1, 2, 3, 4, 3, 2, 1 అని దిగితే చిన్న కుట్లతో కూడిన పెద్ద అల అవుతుంది. బట్టను చాలా కొద్దిగా జరుపుతూ 2, 2, 1, 3, 0, 4, 1, 3, 2, 2 అని దిగనిస్తే? గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపి చూడండి. మధ్యలో లావుగా, కొసలు సన్నగా గింజలాంటి బొమ్మ వస్తుంది. దాన్నే వరుసగా వేస్తూ పోతే గింజల దండ!

మరి ఈ అంకెలను ఇనుప మిషనుకు ఎవరు చెబుతారు?

జవాబు కోసం కాసేపు రోడ్డు మీదికి వెళదాం. పటాన్‌చెరు మీదుగా ముంబాయి వైపు రాత్రింబగళ్ళు లారీలు పోతూనే ఉంటాయి. ఆ రోడ్డు వెంబడే ముందుకు పోతే జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతాయి. లారీ అయినా, ట్రాక్టరు అయినా ఇంజను లోపల ఒక ఇరుసు ఉంటుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తులు ఉంటాయి. ఇరుసు తిరుగుతూ ఉంటే ఉబ్బు వచ్చినప్పుడల్లా ఒక కవాటం తెరుచుకుంటుంది, ఉబ్బు దాటగానే మూసుకుంటుంది. ఇలాంటి ఉబ్బెత్తు బిళ్ళను 'కామ్' అంటారు. గుండ్రంగా తిరగటాన్ని ముందుకూ వెనక్కూ ఆడటంగా మార్చటం దాని పని.

అలంకార కుట్ల మిషను లోపల ఉండేదీ ఇలాంటి కామే. కాకపోతే చిన్నది, అంచు నిండా ఎత్తుపల్లాలు చెక్కినది. ఆ అంచును ఒక ఇనుప వేలు తడుముతూ ఉంటుంది. సూదిని పట్టుకునే కడ్డీ పై కొస నుంచి ఊయలలా వేలాడుతుంది. వేలు ఎత్తు ఎక్కితే సూది ఒక పక్కకు, పల్లంలోకి జారితే మరో పక్కకు ఊగుతుంది. బిళ్ళ మాత్రం చాలా నెమ్మదిగా తిరుగుతుంది. 24 కుట్లకు ఒక చుట్టు అనుకుంటే, దాని అంచు మీద 24 అంకెలు చెక్కినట్టే! బిళ్ళ మారిస్తే బొమ్మ మారుతుంది. 1952లో స్విట్జర్లాండులో తయారైన 'ఎల్నా సూపర్‌మాటిక్' మిషనుకు ఇలా మార్చి మార్చి వేసుకునే బిళ్ళలు ఉండేవి. బట్ట ముందుకే కాక వెనక్కి కూడా నడవవలసిన ఆకులాంటి బొమ్మలైతే ఒక బిళ్ళ చాలదు. సూదిని ఊపటానికి ఒకటి, పళ్ళను నడపటానికి ఇంకొకటి కావాలి.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఇందులోని సమయపాలన. సూది బట్టలో ఉండగా పక్కకు ఊగితే ఏమవుతుంది? బట్ట చిరుగుతుంది, లేదా సూది విరుగుతుంది. కాబట్టి సూది బయటికి వచ్చాకే ఊగాలి. మిషను నిమిషానికి 600 కుట్లు వేస్తోందనుకుందాం. అంటే సెకనుకు 10. ఒక్కో కుట్టుకు సెకనులో పదోవంతు. అందులో ఇంచుమించు సగం సేపు సూది బట్టలోనే ఉంటుంది. మిగిలిన ఇరవయ్యోవంతు సెకనులోనే సూది ఊగాలి, బట్ట జరగాలి, మళ్ళీ రెండూ నిశ్చలంగా నిలవాలి. అందుకే కామ్ అంచు మీద ఎత్తుకూ పల్లానికీ మధ్య వేలు కదలకుండా ఆగే చదును చోట్లు కూడా ఉంటాయి.

"సూది నాలుగైదు మిల్లీమీటర్లే ఎందుకు ఊగాలి? నాలుగు అంగుళాలు ఊగితే పెద్ద పువ్వే వేయొచ్చుగా!" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. కింద కొక్కెం ఒక్కటే. సూది ఎడమన దిగినా, కుడిన దిగినా ఆ ఒక్క కొక్కెమే ఉచ్చును అందుకోవాలి. దూరం పెరిగితే ఏదో ఒక పక్క సమయం తప్పుతుంది. కొన్ని కొత్త మిషన్లు ఏడు, తొమ్మిది మిల్లీమీటర్ల దాకా పోతాయి.

ఈ వంకర కుట్టు పుట్టింది అందం కోసం మాత్రమే కాదు. 1873లో అమెరికాలో హెలెన్ బ్లాంచార్డ్ అనే మహిళ అంచులు కుట్టే మిషనుకు పేటెంటు పొందింది. అంచు గట్టిగా ఉండటమే దాని ప్రయోజనం. బనియను లాంటి సాగే బట్టను తిన్నని కుట్టుతో కుడితే, బట్ట సాగినప్పుడు దారం పుటుక్కున తెగుతుంది. వంకర కుట్టులోని దారానికి ఆ మెలికల్లో నిలవ ఉంటుంది కాబట్టి అది బట్టతోపాటు సాగుతుంది. కర్మాగారాల్లో పనిచేసేవారి దుస్తుల జేబు మూలలు చూడండి. అక్కడ చిన్న గీతలా గట్టిగా కనిపించేది ఒత్తైన వంకర కుట్టే. పీకోలో ఇంకో కిటుకు ఉంది. సూది ఒకసారి బట్ట మీద, మరోసారి అంచు దాటి గాలిలో దిగుతుంది! గాలిలో పడిన దారం బిగుసుకుంటూ పల్చని అంచును లోపలికి చుట్టేస్తుంది.

1975లో సింగర్ కంపెనీ 'అథీనా' మిషనులో ఈ ఇనుప బిళ్ళల పనిని ఎలక్ట్రానిక్ చిప్పుకు అప్పగించింది. అంకెలు చిప్పులోకి చేరాయి, వందల కొద్దీ భాగాలు తగ్గాయి. నేడు మీరు వినే 'కంప్యూటర్ వర్కు' జాకెట్ల మిషను ఇంకో అడుగు ముందుకు వేసింది. దానిలో సూది ఊగనే ఊగదు. బట్టను చట్రానికి బిగిస్తారు. ఆ చట్రాన్నే మోటార్లు నాలుగు దిక్కులా జరుపుతాయి. అలాంటప్పుడు పువ్వు ఎంత పెద్దదైనా ఫరవాలేదు.

నిజానికి ఈ ఉపాయం మన నల్ల మిషనుకు కొత్తేమీ కాదు. పాదం విప్పి, పళ్ళను పని చేయకుండా చేసి, గుండ్రటి చట్రంలో బిగించిన బట్టను చేత్తో జరుపుతూ పూలు కుట్టేవారు ఉన్నారు. అక్కడ కామ్ లేదు, చిప్పూ లేదు. అంకెలన్నీ ఆ చేతుల్లోనే ఉంటాయి. చీరకు పీకో వేయలేని మిషను మీదే నెమలిని కుట్టగలరు!

ఇన్ని చేసినా మిషనుకు లొంగనిది ఒకటుంది. సంగారెడ్డి జిల్లాలోనే నారాయణఖేడ్ వైపు లంబాడీ తండాలు ఎన్నో ఉన్నాయి. లంబాడీ స్త్రీలు సంప్రదాయంగా తొడిగే రవికలకూ పరికిణీలకూ అద్దాలు కుట్టి ఉంటాయి. అద్దానికి బెజ్జం ఉండదు. చేత్తో కుట్టేవారు ముందు అద్దం మీదుగా అడ్డంగా, నిలువుగా దారాలు వేసి దాన్ని నిలబెడతారు. తరువాత ఆ దారాలకే సూది తగిలించి చుట్టూ చట్రం అల్లుతారు. ప్రతి కుట్టుకూ సూది బట్టలోంచి దిగితే తప్ప కుట్టు పడని మిషనుకు ఈ పని ఎలా వస్తుంది? అందుకని అద్దం చుట్టూ ముందే దారపు గాజు అల్లి అమ్ముతున్నారు. మిషను ఆ గాజును మాత్రం బట్టకు పట్టించి ఊరుకుంటుంది.

చేతి కుట్టో, మిషను కుట్టో తెలియాలంటే బట్టను తిరగేసి చూడండి. అడుగున పువ్వు రంగుతో సంబంధం లేకుండా తెల్లదో, నల్లదో ఇంకో దారం వరుసగా కనిపించిందా? అది బాబిను దారం.