నలుపు పొట్లం, నీలి ఆకు

ప్రొద్దుటూరులో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా షాంపూ పొట్లాల దండ పక్కన ఇంకో దండ వేలాడుతుంటుంది. నిగనిగలాడే నల్లటి జుట్టు, దాని కింద ఒక ఆకు బొమ్మ, ‘హెర్బల్’ అనే మాట. జమ్మలమడుగు బస్టాండు దగ్గరా, పులివెందుల బజారులోనూ ఇదే సరుకు. పెళ్లిళ్ల నెల మొదలైనా, అమ్మవారిశాల దసరా దగ్గరపడినా దీనికి గిరాకీ. పొట్లం చించి, గిన్నెలో కలిపి, పాత టూత్‌బ్రష్షుతో పూసుకుంటే అరగంటలో పదేళ్లు వెనక్కి.

‘జుట్టు పాడుకాకుండా రంగేసుకునే దారులు రాయండి, పండగ ముందు సంచికకు కావాలి’ అని సంపాదకుడు ఈ పని అప్పజెప్పినప్పుడు కథ తేలికగానే కనిపించింది. గోరింటాకు, ఉసిరి, గుంటగలగరాకు, నాలుగు ఫొటోలు. అది అడ్డం తిరిగింది పొట్లాన్ని వెనక్కి తిప్పి చదివినప్పుడు.

ఎవరూ చదవని కాగితం

మన దేశంలో జుట్టు రంగు డబ్బా మీద హెచ్చరిక వేయడం కంపెనీల దయాదాక్షిణ్యం కాదు. 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో 149వది ప్రత్యేకంగా దీని కోసమే పుట్టింది. పారాఫినైలిన్ డయమీన్ అనే రసాయనం గానీ, ఇతర రంగులు గానీ ఉన్న డై మీద ఏం రాయాలో ఆ నిబంధన వాక్యాలతో సహా నిర్దేశించింది. ఇంగ్లిషులోనూ, స్థానిక భాషలోనూ రాయాలి. లోపలి పొట్లం మీదా, పై అట్టపెట్టె మీదా రాయాలి. కాస్మెటిక్స్‌కు విడిగా 2020లో కొత్త నిబంధనలు వచ్చినా ఈ హెచ్చరిక కొనసాగుతూనే ఉంది.

అందులో ఉన్న సంగతి ఇది. కొందరికి ఈ సరుకు చర్మాన్ని మండించవచ్చు, వాపు తేవచ్చు. కాబట్టి ముందుగా పరీక్ష చేసుకోవాలి. చెవి వెనక గానీ, ముంజేతి లోపలి వైపు గానీ కాస్త చోటు సబ్బుతో కడిగి, తలకు పూయడానికి కలిపిన మందునే చుక్కంత రాసి ఆరనివ్వాలి. ఇరవై నాలుగు గంటలు అలాగే ఉంచి, ఆ తర్వాత మెల్లగా కడిగి చూడాలి. దురద, ఎరుపు, వాపు ఏమీ లేకపోతేనే తలకు పూయాలి. కనుబొమ్మలకు, కనురెప్పల వెంట్రుకలకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకూడదు, చూపు పోయే ప్రమాదం ఉంది. అన్నిటికంటే విచిత్రంగా తోచే షరతు ఇంకొకటి: ఈ పరీక్ష ఒక్కసారి చేసి ఊరుకుంటే చాలదు, వేసుకున్న ప్రతిసారీ చేయాలి.

ప్రతిసారీ! నెలకోసారి రంగేసుకునే మనిషి ఏడాదిలో పన్నెండు రోజులు చెవి వెనక చుక్క పెట్టుకుని తిరగాలన్నమాట. సెలూన్‌లో కూర్చున్న మనిషి ‘అన్నా, తెల్లెంటికలు కనపడకూడదు, ఎంతసేపు?’ అంటే ‘ఇరవై నిమిషాలప్పా’ అనే జవాబే తప్ప ‘రేపు రాప్పా, ఈ పూట చుక్క పెడతా’ అనే జవాబు ఈ మూడు ఊళ్లలో దొరికే అవకాశం లేదు.

అయినా ఆ షరతు చాదస్తం కాదు. ఒంటికి ఈ రసాయనం పడకపోవడమన్నది పుట్టుకతో రావాల్సిన పని లేదు. పూసుకోగా పూసుకోగా ఒకనాటికి చర్మం దాన్ని శత్రువుగా గుర్తుపడుతుంది. ‘పదేళ్లుగా ఇదే వేసుకుంటున్నా, నాకేం కాలేదు’ అన్న మనిషికే పదకొండో ఏట రెప్పలు ఉబ్బి కళ్లు తెరుచుకోకపోవచ్చు, మాడు మీద పొక్కులు లేచి నీరు కారవచ్చు. అమెరికాలో స్పర్శ అలర్జీలకు వైద్యం చేసే డాక్టర్ల సంఘం ఏటా ఒక పదార్థాన్ని ‘ఈ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటిస్తుంది. 2006లో ఆ పేరు దక్కింది ఈ పారాఫినైలిన్ డయమీన్‌కే. తలకు పూయడానికి కలిపిన మందులో ఇది రెండు శాతం దాటకూడదని ఐరోపా సమాఖ్య గీత గీసింది.

క్యాన్సర్ భయం గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఇంట్లో రంగేసుకునేవాళ్ల విషయంలో తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంది. రోజంతా పదిమందికి రంగేసే పని మాత్రం ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే గట్టి అనుమానపు జాబితాలో పెట్టింది. అంటే కుర్చీలో కూర్చున్నవాడి కంటే వెనక నిలబడినవాడి గురించే ముందు బెంగపడాలి. ఉత్త చేతులతో మందు కలిపే సెలూన్ కుర్రాడికి ఒక జత గ్లౌజులు కొనివ్వడానికి ఏ ఆయుర్వేదమూ అక్కర్లేదు.

ఇంకో మాట. ఈ మందు పొరపాటున కడుపులోకి పోతే గొంతు, మెడ వాచి ఊపిరి ఆడదు, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లో పొట్లం, కలిపిన గిన్నె రెండూ అందని చోట ఉండాలి. అనుమానం వస్తే ఇంటి వైద్యం మాని నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఆకు బొమ్మ వెనక

ఇక ‘హెర్బల్’ సంగతి. ఈ కథనం రాస్తున్న కలానికి ఆ మాట మీద మొదటినుంచీ నమ్మకం తక్కువ, పొట్లాల వెనక్కి చూశాక ఇంకా తగ్గింది. ‘నల్ల మెహందీ’, ‘బ్లాక్ హెన్నా’ అనే పేర్లతో వచ్చే పొడుల్లో చాలావాటి వెనక పదార్థాల జాబితా చూస్తే గోరింటాకు పొడి పేరు ఉంటుంది, ఉసిరి ఉంటుంది, వాటితో పాటే బేరియం పెరాక్సైడ్, పారాఫినైలిన్ డయమీన్ కూడా ఉంటాయి. నలుపు తెచ్చేది చివరి రెండే. మిగతావి ముందువైపు బొమ్మకు పనికొస్తాయి.

‘అమ్మోనియా లేదు’ అన్నదీ అలాంటిదే. అమ్మోనియా పని వెంట్రుక పై పొరను ఉబ్బించి రంగుకు దారివ్వడం. దాని బదులు ఇథనాలమైన్ వేస్తారు. ఘాటు వాసన పోతుంది. అలర్జీ తెచ్చే రంగు పదార్థం మాత్రం చాలాసార్లు ఉన్నచోటే ఉంటుంది. కొన్ని కంపెనీలు దాని బదులు టోలుయీన్ డయమీన్ అనే దగ్గరి చుట్టాన్ని వాడతాయి. ఒకటి పడనివాళ్లలో చాలామందికి రెండోదీ పడదు.

మోసాన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గోరింటాకు ఒక్కటే ఎప్పటికీ నలుపు ఇవ్వదు. అందులోని లాసోన్ అనే పదార్థం ఇచ్చేది నారింజ ఎరుపే. ఆషాఢంలో అరచెయ్యి చూసుకున్న ఏ తెలుగు పిల్లకైనా తెలిసిన సంగతే ఇది. పొడి ఒక్కటే, నీళ్లు కలిపి పూస్తే అరగంటలో కారునలుపు అన్నారంటే అందులో ఆకు కానిది ఉందని అర్థం.

ఇక్కడి పంటే

ఆకులతో నలుపు రాదా? వస్తుంది. దానికి రెండో ఆకు కావాలి, ఆ ఆకు కడప జిల్లాకు కొత్త కాదు. అది నీలి, అవిరి అని కూడా అంటారు.

చరిత్రను గబగబా చెప్పేస్తే: కుంఫిణీ కాలంలో దత్తమండలాల నుంచి మద్రాసు మీదుగా ఓడలెక్కిన సరుకుల్లో నీలిమందు ముఖ్యమైనది, బ్రిటిష్ నాటి గెజిటీర్లలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల పేర్ల పక్కన పత్తితో పాటు నీలిమందు వ్యాపారం కనిపిస్తుంది. 1826లో ఒక జర్మన్ రసాయనవేత్త నీలిమందునే బట్టీ పెట్టి అనిలిన్ తీశాడు. ఆ తర్వాత అదే అనిలిన్‌ను తారు నుంచి చవగ్గా తీయడం నేర్చుకున్నారు, దాని చుట్టూ రంగుల ఫ్యాక్టరీలు లేచాయి. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ కృత్రిమ నీలిని బజారులోకి దించడంతో మన నీలిమందు తొట్లు ఎండిపోయాయి. అదే తారు రసాయన వంశంలో పుట్టిన పారాఫినైలిన్ డయమీన్‌ను 1880ల్లోనే జుట్టుకు పట్టించారు. 1909లో పారిస్‌లో యూజీన్ షూలర్ పెట్టిన జుట్టు రంగుల కంపెనీయే నేటి లోరియల్. అంటే సీమ పొలాల్లోని నీలిని తరిమేసిన ఫ్యాక్టరీ కుటుంబమే, నూరేళ్ల తర్వాత సీమ కిరాణా కొట్టు ముందు నల్ల పొట్లమై వేలాడుతోంది.

నీలి మాత్రం పూర్తిగా పోలేదు. కడప, కర్నూలు నేలల్లో అక్కడక్కడా సాగు ఉంది, తమిళనాడులో తిండివనం చుట్టుపక్కలా పండిస్తారు. ఇది పప్పుజాతి మొక్క, వేళ్లలో నత్రజనిని నిలిపి నేలకు బలమిస్తుంది. నీళ్లు తక్కువైనా తట్టుకుంటుంది. ఆకు కోశాక మోడు మళ్లీ చిగురిస్తుంది. ఒకప్పుడు ఆకును తొట్లలో నానబెట్టి, చిలికి, మందు బిళ్లలు చేసేవాళ్లు. జుట్టుకు ఆ బిళ్ల పనికిరాదు. ఈ తేడా తెలియక చాలామంది డబ్బు పారేసుకుంటారు. బిళ్లలోని నీలం అప్పటికే గట్టిపడిపోయింది, నీళ్లలో కరగదు, వెంట్రుకను పట్టదు. జుట్టుకు కావాల్సింది ఎండిన ఆకు పొడి. అందులో ఇండికాన్ అనే రంగులేని పదార్థం నిద్రపోతుంటుంది. తడి తగలగానే ఆకులోని ఎంజైమే దాన్ని విడగొడుతుంది. విడిపోయిన ముక్కలు వెంట్రుక పొరల్లోకి దూరి, అక్కడ గాలి సోకి జతలు జతలుగా అతుక్కుని నీలంగా మారతాయి. కింద గోరింటాకు ఎరుపు, పైన నీలి. రెండూ కలిస్తే కంటికి నలుపు.

పద్ధతిలో తొందర పనికిరాదు. జుట్టుకు నూనె ఉంటే ఏ రంగూ పట్టదు కాబట్టి ముందు కుంకుడుకాయతో శుభ్రంగా తలంటుకోవాలి. గోరింటాకు పొడిని నిమ్మరసం చుక్కలతో రాత్రే నానబెట్టాలి, పులుపుకే లాసోన్ బయటికొస్తుంది. పులివెందుల చుట్టూ చీనీ తోటలకు కొదవ లేదు గానీ చీనీరసంలో తీపి ఎక్కువ, నిమ్మే మేలు. రెండు మూడు గంటలు ఉంచి ఉత్త నీళ్లతో కడిగాక నీలి వంతు. దీనికి పులుపు తగలకూడదు, రాత్రి నానకూడదు. గోరువెచ్చని నీళ్లలో కలిపి పది పదిహేను నిమిషాలకే పూసేయాలి, ఆలస్యమైతే రంగు గిన్నెలోనే చచ్చిపోతుంది. గంట, గంటన్నర ఉంచి కడగాలి. అప్పుడు అద్దంలో కనిపించేది చూసి బెదిరిపోకూడదు. కాస్త పచ్చగా, కాస్త నీలంగా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో గాలికి ముదిరి నల్లబడుతుంది. పెళ్లి రేపనగా ఈ రాత్రి మొదలుపెట్టే పని కాదిది. గోధుమ రంగు చాలనుకుంటే రెండు పొడులనూ పూసే ముందు కలిపి ఒక్కసారే పట్టించవచ్చు.

ఆదివారం సగం పోతుంది, నేల మరకలవుతుంది. మొదటిసారి మొండి తెల్లవెంట్రుకలు లొంగక రెండో విడత వేయాల్సి రావచ్చు. ఇవన్నీ తెలిసి దిగితేనే మంచిది. ఆకు కదా అని పూర్తి భరోసా కూడా తప్పే. నీలి కూడా అరుదుగా కొందరికి పడదు, చెవి వెనక చుక్క దీనికీ వర్తిస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు గోరింటాకు పూస్తే రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది, చిన్నపిల్లలకు పట్టించకపోవడమే మేలు.

మీసం సంగతి చెప్పకపోతే సీమ పాఠకులు ఒప్పుకోరు. ముక్కు కింద చర్మం పలుచన, ఆవిరి నేరుగా ఊపిరిలోకి పోతుంది, డై పడనివాళ్లకు పెదవి ముందే ఉబ్బుతుంది. గంటన్నర సేపు మూతికి నీలి ముద్ద పెట్టుకుని కూర్చునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? నెరిసిన మీసం నెరిసినట్టే మెలేసుకోవడం ఈ రచయిత ఓటు.

పక్క పెట్టె: గుంటగలగర, ఉసిరి, ఇనుప మూకుడు

గుంటగలగరాకు నూనె జుట్టుకు మెరుపునిస్తుందేమో గానీ రంగు వేయదు. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ తయారీ కుదురులోనే ఆగిపోయాక పైన ఏ నూనె రాసినా తెల్లది నల్లగా మొలవదు. కరివేపాకు, మందారం కూడా అంతే. కాఫీ డికాక్షన్ ఒకటి రెండు తలంట్లకు వెలిసిపోతుంది. ఉసిరి పొడిని ఇనుప మూకుడులో నానబెట్టే అమ్మమ్మల పద్ధతిలో మాత్రం నిజముంది. ఉసిరి, కరక్కాయల్లోని వగరు ఇనుముతో కలిసి నల్లటి పదార్థమవుతుంది, ఒకప్పుడు రాత సిరా చేసింది ఈ సూత్రంతోనే. వెంట్రుకను అది పైపైనే పడుతుంది, గోరింటాకు ఎరుపును కాస్త ముదురు చేయడానికి బాగా పనికొస్తుంది.

పక్క పెట్టె: రంగు నిలవాలంటే

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, మూడు నాలుగు వారాలకు పాపిట దగ్గర తెల్లగీత తేలుతుంది. అప్పుడు కుదుళ్లకే వేయాలి, ప్రతిసారీ కొసల దాకా లాగితే డై అయితే వెంట్రుక పెళుసవుతుంది, గోరింటాకు అయితే పొరలు పేరుకుని ముదురు మచ్చలా కనిపిస్తుంది. రంగేసిన రెండు రోజుల దాకా షాంపూ తగలనివ్వకూడదు. మరీ వేడినీళ్లు వద్దు. ఏ రంగైనా ఎండకు వెలుస్తుంది, డై అయితే ఎర్రబారుతుంది. కడప మే నెలలో తలకు పైటకొంగో తువ్వాలో అందుకే.

వేంపల్లె, పులివెందుల వైపు నేలంతా సున్నపురాయి జాతి. అలాంటి చోట బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, వెంట్రుక మీద సున్నం పొర కట్టి రంగు మందగించినట్టు కనిపిస్తుంది. చివరి చెంబు ఫిల్టరు నీళ్లయితే, అందులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఆ పొర వదులుతుంది. గోరింటాకు కలపడానికీ ఫిల్టరు నీళ్లే మేలు. నీలి పొడికి మాత్రం బోరు నీళ్లతో పెద్ద ఇబ్బంది లేదు.

డై నుంచి ఆకుకు మారేవాళ్లు ఒక కుచ్చు కత్తిరించి దాని మీద వేసి చూసుకోవడం మంచిది. ఆకు నుంచి మళ్లీ సెలూన్ రంగుకు పోయేవాళ్లు మాత్రం నీలి వేసిన సంగతి ముందే చెప్పి తీరాలి. నీలి పట్టిన జుట్టుకు బ్లీచింగ్ తగిలితే ఆకుపచ్చగా తిరగవచ్చు. పొడిలో లోహపు లవణాలు కలిసి ఉంటే పెరాక్సైడుతో వేడెక్కి జుట్టు కాలిపోనూ వచ్చు.