ఐస్ మానేశాక వచ్చే నిద్ర

ఐస్ అనీ, క్రిస్టల్ అనీ పిలిచే మెథాంఫెటమిన్‌ను మానేసిన కుర్రాడు మొదట చేసేది నిద్రపోవడం. చివరిసారి తీసుకున్న ఒక రోజులోపే ఒళ్లు కూలబడుతుంది. పగలూ రాత్రీ పడుకుంటాడు, మధ్యలో లేచి దొరికిందల్లా తింటాడు, మళ్లీ ముసుగు తన్నేస్తాడు. హైదరాబాద్ పాతబస్తీలో, శాలిబండలోనో లాల్‌దర్వాజాలోనో ఒక రెండు గదుల ఇల్లు అనుకుందాం. రాత్రుళ్లు కన్ను మూయకుండా డాబా మీద పచార్లు చేసిన కొడుకు అలా పడుకుంటే తల్లికి ప్రాణం లేచొస్తుంది. "పోరడు మంచిగైండు, కడుపునిండ తిని పండుకుంటుండు" అని అక్కకు ఫోన్ చేసి చెబుతుంది. పదిహేను రోజులు తిరక్కముందే, "ఒళ్లు వంగుతలేదు, పనికి పొమ్మంటే గోడ దిక్కు చూస్తుండు" అని కళ్లు తుడుచుకుంటుంది. ఆమె రెండుసార్లూ పొరబడింది. మొదటి నిద్రతో జబ్బు నయం కాలేదు. తరవాతి నిస్సత్తువను బద్ధకం అనడానికీ లేదు. ఆ మందు ఒంట్లోంచి, మెదడులోంచి వదులుతున్నప్పుడు వచ్చే దశలవి.

మద్యం మానితే ఏమవుతుందో హైదరాబాద్‌కు తెలుసు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్‌షాపులు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో రద్దీ ఒక్కసారిగా పెరిగింది. చేతులు వణికేవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు, లేనివి కనబడి కేకలు వేసేవాళ్లు వచ్చారు. ఆ బాధ పక్కింటివాళ్లకు కూడా కనబడుతుంది, వైద్యం అందకపోతే ప్రాణం తీస్తుంది. మెత్ మానినప్పుడు సాధారణంగా ఫిట్స్ రావు. దాని దెబ్బంతా మనసు మీద. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బుగా గుర్తించరు.

మనకు ఉత్సాహం, ఆశ, పని మీద ధ్యాస కలిగించే డోపమైన్‌ను మెదడు కొద్దికొద్దిగా వాడుకుంటుంది. మెత్ తీసుకుంటే హిమాయత్‌సాగర్ గేట్లన్నీ ఒకేసారి ఎత్తేసినట్టు అదంతా బయటికి దూకుతుంది. మానేశాక మిగిలేది అడుగంటిన మెదడు. ఇష్టమైన బిర్యానీ రుచించదు, క్రికెట్ చూడబుద్ధి కాదు, తమ్ముడు పలకరిస్తే విసుక్కుంటాడు. థాయ్‌లాండ్‌లో చికిత్సకు చేరినవాళ్లను రోజురోజూ గమనించి 2005లో ప్రచురించిన పరిశోధనలో తీవ్రమైన దశ ఏడు నుంచి పది రోజులు, దాని తరవాత తేలికపాటి లక్షణాలు మరో రెండు వారాలు ఉన్నట్టు తేలింది. తీసుకోవాలన్న కోరిక, దిగులు కొందరిలో నెలల తరబడి ఉండిపోతాయి. అమెరికాలో నోరా వోల్కో బృందం 2001లో మరో సంగతి చూపించింది. మెత్ వల్ల తగ్గిపోయిన డోపమైన్ రవాణా ప్రొటీన్లు ఏడాది, ఏడాదిన్నర మానేసి ఉన్నవాళ్లలో చాలావరకు తిరిగి పెరిగాయి. కానీ జ్ఞాపకశక్తి, చేతుల చురుకుదనం అంత వేగంగా కోలుకోలేదు. ఇరవయ్యో రోజునే "ఇంకెన్నాళ్లు?" అని నిలదీసే నాన్నకు ఈ లెక్క ముందే చెప్పి ఉంచాలి.

మొదటి వారం ఇంట్లో చేయగలిగింది చాలా మామూలు పని. నిద్రపోనివ్వాలి. లేచినప్పుడల్లా నీళ్లు, మజ్జిగ, పప్పన్నం, గుడ్డు, అరటిపండు ఏదో ఒకటి పెట్టాలి. ఉపన్యాసాలు వద్దు. రెండో వారం నుంచి పొద్దున ఒకే వేళకు లేపి ఎండలో కాసేపు నడిపించాలి. పాతబస్తీలో ఇదంత తేలిక కాదు. చాలా వీధులు అర్ధరాత్రి దాకా మేలుకునే ఉంటాయి, సరుకు ఇచ్చిన దోస్తు కూడా అదే గల్లీలో చాయ్ తాగుతుంటాడు. కొన్ని వారాలు మరో పేటలోని మేనమామ ఇంట్లో ఉంచడం, ఫోన్‌లోంచి ఆ నంబర్లు తీసేయడం, జీతం చేతికి వచ్చే రోజు వెంట ఒకరు ఉండడం చిన్న విషయాలేం కావు.

అన్నిటికన్నా భయపడాల్సింది దిగులుకే. "నేను లేకుంటేనే మీకు మంచిది" అన్న మాట వినబడితే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. చెవుల్లో మాటలు వినబడడం, అందరూ వెంటాడుతున్నారన్న అనుమానం మందు ఆపిన కొద్ది రోజుల్లో చాలామందిలో తగ్గుతాయి. తగ్గకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా, చావు మాట ఎత్తినా 108కి ఫోన్ చేయాలి. నిద్ర పట్టడంలేదని మెడికల్ షాపులో అల్ప్రాజోలం కొనిపెట్టడం మరో గుంటలోకి తోయడమే. కల్తీ కల్లులో కలిపిన ఆ మందుకే అలవాటుపడ్డవాళ్లు 2015లో కల్లు ఆగగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రుల్లో ఎలా విలవిల్లాడారో తెలంగాణ చూసింది.

ఇంకో ప్రమాదం జిమ్ సంచిలో దాగి ఉంటుంది. ఆపరేషన్ వేళ పడిపోయిన రక్తపోటును పెంచే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లను కండల కోసం కుర్రాళ్లకు అమ్ముతున్నవాళ్లను హైదరాబాద్ పోలీసులు పదేపదే పట్టుకున్నారు. రసాయన నిర్మాణంలో దానికీ మెత్‌కూ ఒక్క మిథైల్ గుంపే తేడా. "డాక్టర్లు వాడే మందే కదా" అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

మెత్ మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మాత్ర ఇంతవరకు లేదు. 2021లో వచ్చిన ఒక పెద్ద అమెరికన్ ప్రయోగంలో నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్ర కలిపి ఇస్తే 13.6 శాతం మందికి ఫలితం కనబడింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 2.5 శాతమే. అంతకన్నా గట్టి ఆధారాలున్నవి కౌన్సెలింగ్, మూత్ర పరీక్షలో మందు లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి.

పోలీసులకు భయపడి చాలా ఇళ్లు ఆస్పత్రి గడప తొక్కవు. మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ ఆ భయం ఉన్నవాళ్ల కోసమే ఉంది. సొంత వాడకానికి గానీ, చిన్న పరిమాణంతో గానీ కేసు పడిన వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో తనంతట తాను చేరి చికిత్స పూర్తి చేస్తే ఆ కేసులో విచారణ ఉండదు. మెత్‌కు ఆ పరిమితి 2 గ్రాములు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. బాగుచేస్తామంటూ గొలుసులతో కట్టేసే కేంద్రాలు మాత్రం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నేరం చేస్తున్నట్టే.

ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే టెలిమానస్ 14416, వ్యసన విముక్తి నంబరు 14446 ఉన్నాయి. ఎర్రగడ్డ వెళ్లేవాళ్లకు ఎంజీబీఎస్‌లోనో మలక్‌పేటలోనో మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేదు. ఇంట్లో దొరికిన మాత్రల అట్టలు, ఇంజెక్షన్ సీసాలు పారేయకుండా సంచిలో వేసుకుని వెళ్తే, ఏమేం కలిపి వాడాడో డాక్టర్‌కు అతడు చెప్పకపోయినా తెలుస్తుంది.