విజయనగర సంగీత కళాశాల

జర్మనీ దేశమున లైప్‌జిగ్ అను వర్తకనగరము కలదు. 1743వ సంవత్సరమున అచ్చటి ప్రముఖులు 16 మంది ధనము కూర్చి, అంతమంది వాద్యకారులతోనే యొక బృందము నెలకొల్పిరి. 1781లో ఆ బృందము బట్టల వర్తకుల భవనమునకు మారెను. ఆ భవనము పేరిటనే ‘గెవాండ్‌హౌస్’ బృందమని ప్రసిద్ధి కెక్కి, నేటికిని కచేరీలు చేయుచున్నది. నగరవాసుల ధనమే దానికి పునాది.

తెలుగుసీమలో నూరేండ్లు దాటి నిలిచిన సంగీతసంస్థ యొకటి వేరొక విధముగా పుట్టినది. విజయనగరము నాడు విశాఖపట్టణము జిల్లాలోనిదే. అచ్చటి ఆస్థానమునకు చెందిన చాగంటి జోగారావు గారి కుమారుడు గంగబాబునకు చూపు లేదు, సంగీతమనిన ప్రాణము. అతనికి విద్య చెప్పించు ఆలోచన వచ్చినపుడు, విజయరామ గజపతిరాజు ఒక గురువును కుదిర్చి యూరకుండక, 1919 ఫిబ్రవరి 5వ తేదీన గానపాఠశాలనే స్థాపించిరి. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దాని తొలి అధ్యక్షులు.

ఆ యేటనే ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరగోరి వచ్చెనని చెప్పుదురు. అతని ఫిడేలు విని, దాసుగారు శిష్యులలో గాక గురువులలో కూర్చుండబెట్టిరి. పాండిత్యమును గుర్తించుటకును పాండిత్యము కావలెను గదా!

ఫిడేలు ఐరోపా వాద్యము. గెవాండ్‌హౌస్ వంటి బృందములలో పలువురు కుర్చీలపై కూర్చుండి, ఎదుట వ్రాసియున్న స్వరములను ఒక్కపెట్టున పలికింతురు. బాలస్వామి దీక్షితులు (1786-1859) మద్రాసులో ఐరోపా విద్వాంసునికడ దానిని నేర్చి కర్ణాటక సంగీతమునకు తెచ్చిరి. మనవారు నేలపై కూర్చుండి, ఫిడేలు కొనను కుడిపాదముపై ఆనించి, తీగలను స-ప-స-ప లుగా శ్రుతి చేయుదురు. తీగపై వ్రేలు జార్చినచో గమకము కంఠమున వలెనే పలుకును. అయినను చిరకాలము అది గాయకునకు ప్రక్కవాద్యమే. నాయుడుగారు దానినే ప్రధానవాద్యముగా సభలలో నిలిపిరి. వారి చూపును మందమే. ఆ లోటు నాదమున కనబడలేదు. 1936లో వారు కళాశాలకు అధ్యక్షులైరి. 1957లో పద్మశ్రీ పొందిరి.

కృష్ణాజిల్లా నుండి ఘంటసాల వెంకటేశ్వరరావు ఇచ్చటికి చదువ వచ్చినపుడు చేత ధనము లేదు. ఉపాధ్యాయులైన పట్రాయని సీతారామశాస్త్రి గారు తమ యింటనే ఉచితముగా సంగీతము చెప్పిరి. ఊరి యిండ్లలో ఎత్తిన మధుకరమే అతనికి భోజనము. పి. సుశీల గారును ఇచ్చటనే చదివిరి.

జమీందారీలు పోయినను పాఠములు ఆగలేదు. కళాశాల ప్రభుత్వము చేతికి వచ్చి, 2019లో నూరేండ్లు నిండించుకొన్నది. గాత్రము, వీణ, ఫిడేలు, మృదంగము, నాట్యము నేటికిని అచ్చట నేర్పుచున్నారు.