సీసా మూత తీశాక

కమలాపండు తొక్కను రెండు వేళ్ల మధ్య మడిచి, వెలిగే కొవ్వొత్తి పక్కన గట్టిగా నొక్కితే చిటపటమని మెరుపులు లేస్తాయి. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుల్లో మాకు అదే బాణసంచా. అక్కడ మండేది తొక్కలోని నూనె. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా లిమొనీన్ అనే ఒకే పదార్థం. ఇప్పుడు అదే నూనె చిన్న సీసాలో ఎసెన్షియల్ ఆయిల్ పేరుతో వస్తోంది. ముఖానికి రెండు చుక్కలు రాసుకోండని చెప్పేవాళ్లకూ కొదవ లేదు.

తాజా లిమొనీన్ వల్ల ఎలర్జీ రావడం తక్కువే. చిక్కు మూత తీశాక మొదలవుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది మెల్లమెల్లగా హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది. లావెండర్‌లోని లినలూల్‌దీ ఇదే దారి. ఎలర్జీ పుట్టించడంలో అసలు ఘటికులు ఈ మారిన పదార్థాలే. టీ ట్రీ ఆయిల్ కూడా పాతబడేకొద్దీ చర్మానికి పడకుండా పోతుంది. నువ్వుల నూనె ముక్కిపోతే వాసనే చెప్పేస్తుంది గానీ, వీటిలో మార్పును ముక్కుతో పసిగట్టడం అంత తేలిక కాదు.

పై చర్మం గట్టి గోడే. అయినా ఈ అణువులు మరీ చిన్నవి, సందుల్లోంచి దూరి లోపలి ప్రొటీన్లకు అతుక్కుంటాయి. అప్పటిదాకా ఇంటివాడిలా చూసిన ప్రొటీన్‌ను రోగనిరోధక వ్యవస్థ పరాయివాడిగా లెక్కగట్టి గుర్తు పెట్టుకుంటుంది. అలా గుర్తు పడడానికి రోజులు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. "రెండేళ్లుగా ఇదే వాడుతున్నానండీ, ఎప్పుడూ ఏమీ కాలేదు" అనే మాటలో అబద్ధం లేదు, భరోసా కూడా లేదు. గుర్తు పడిందంటే మరిచిపోవడం అరుదు. సబ్బులోనో క్రీములోనో అదే పదార్థం మళ్లీ తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, ఎర్రటి దద్దుర్లు.

ఎండతో వచ్చే తంటా వేరు. ఇటలీలోని కలబ్రియాలో పండే బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ కొలోన్ సెంట్లకు ప్రాణం. దాని తొక్క పిండి తీసిన నూనెలో బెర్గాప్టెన్ ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మకణాల డీఎన్‌ఏకు అతుక్కుపోతుంది. చర్మం కాలినట్టు ఎర్రబడి, ఆపైన నల్లబడుతుంది. దీనికి ఎలర్జీతో పని లేదు, నూనే ఎండా సరిపడా ఉంటే ఎవరికైనా రావచ్చు. సెంటు జారిన దారి వెంట మెడ మీద లాకెట్టు వేలాడినట్టు మచ్చ పడుతుందని 1925లో రోజెంతాల్ అనే వైద్యుడు దీనికి 'బెర్లాక్' అని పేరు పెట్టాడు.

మనకు ఇది కొత్తేమీ కాదు. బొల్లి మచ్చలకు బావంచాలు నూరి రాసి ఎండ తగలనివ్వడం పాత వైద్యమే. బావంచాల్లోని సొరాలెన్, ఈ బెర్గాప్టెన్ ఒకే కుటుంబం. చర్మానికి రంగు తెప్పించడానికి వైద్యుడు కావాలని చేసే పనిని మనం తెలియక బుగ్గల మీద చేసుకుంటున్నాం. ముఖం తెల్లబడాలని నిమ్మ నూనె రాసుకుని మిట్టమధ్యాహ్నం బండి మీద బజారుకు వెళ్తే జరిగేది అదే. పైగా మన చామనఛాయ ఒంటి మీద దద్దుర్లు తగ్గినా నల్ల మచ్చ నెలల తరబడి మిగులుతుంది.

సహజమైనదే కదా అంటారు. దూలగొండి కూడా సహజమైనదే. ఐరోపా కూటమి మాత్రం ఆ మాటకు లొంగలేదు. తాను జాబితాలో పెట్టిన సుగంధ పదార్థాలు రాసుకుని వదిలేసే క్రీముల్లో 0.001 శాతం దాటితే, అంటే కిలో క్రీముకు 10 మిల్లీగ్రాములు మించితే, పేరు లేబుల్ మీద ఉండాల్సిందే. మొదట 26 పేర్లున్న ఆ జాబితా 2023లో 80 దాటింది. మొక్క నుంచి తీసినా, ఫ్యాక్టరీలో చేసినా ఒకటే లెక్క.

వాడక తప్పదనుకుంటే నేరుగా రాయకండి. క్రీమైనా, పలచన చేసిన నూనైనా ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. సీసా మీద మూత తీసిన తేదీ వేసుకోండి. అయినా దద్దుర్లు వస్తే ఆ సీసాను కోపంతో చెత్తబుట్టలో పడేయకండి. చర్మ వైద్యుడు వీపు మీద పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూసి చేసే ప్యాచ్ టెస్టుకు ఆధారం అదే. వెంట తీసుకెళ్లండి.