కపిల పాట: బావి లోతు, పాట నిడివి – అనంతపురం శ్రామిక గేయాలపై ఒక పరిశీలన

కీలకపదాలు: కపిల పాట, శ్రామిక గేయాలు, అనంతపురం, బావి సేద్యం, పాలం

తెలుగులో శ్రామిక గేయాలపై పరిశోధన తక్కువేమీ కాదు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడింది. నేదునూరి గంగాధరం వంటి సంకలనకర్తలు వేలాది గేయ పాదాలను అక్షరబద్ధం చేశారు. ఈ కృషి లేకుంటే మనకు మాటలు కూడా మిగిలేవి కావు. అయితే అచ్చులో నిలిచేది మాట మాత్రమే. ఆ మాట ఎంతసేపు సాగిందో, ఎక్కడ ఆగిందో అచ్చు చెప్పదు. నాట్ల పాటకో దంపుళ్ల పాటకో దీనివల్ల కలిగే నష్టం కొంతవరకు పూడ్చుకోదగినదే. కపిల పాట విషయంలో మాత్రం ఆ నిడివే పాటకు ప్రాణం.

తెలంగాణలో మోట అనే సాధనాన్నే అనంతపురం ప్రాంతంలో కపిల అంటారు. పొరుగున ఉన్న కన్నడంలో ఇది కపిలె. 1882 వరకు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగమే కనుక పదం ఒకటి కావడంలో వింత లేదు. బావి గట్టు మీద గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర తోలు బాన ఉంటాయి. బావి నుండి వెలుపలికి దిగే ఏటవాలు దారిలో ఎద్దులు నడుస్తాయి. కపిల తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువును కూడా ఎద్దుల లాగుడుకు జోడిస్తాడు. బాన పైకి రాగానే దాని తోలు తొండాన్ని వేరొక సన్నని తాడు ముందుకు లాగుతుంది, నీళ్లు వాటంతటవే తొట్టిలో పడతాయి. బానను వంచడానికి గట్టు మీద ఇంకొకరు నిలబడనక్కరలేదు. ఈ చిన్న ఏర్పాటు వల్లనే కపిల ఒంటరి మనిషి పని అయింది. కపిల పాట ఒంటరి గొంతు పాట అయింది. దీనికి వంత లేదు. దూరాన మళ్లకు నీళ్లు కట్టే మనిషి ఆ పాట వింటూ ఉండవచ్చు గాని అందులో గొంతు కలపరు.

ఎద్దులు దిగువకు లాగుతున్నంతసేపు పాదం సాగుతుంది. పాదాంతంలోని అచ్చు దీర్ఘమై, బాన గట్టు చేరేవరకు నిలుస్తుంది. నీళ్లు పడుతుండగా విరామం. ఎద్దులు వెనుకడుగు వేస్తూ గట్టు వైపు ఎక్కేటప్పుడు పాటకు బదులు అదలింపులు, బుజ్జగింపులు వినిపిస్తాయి. అచ్చు వేసిన సంకలనాల్లో ఈ అదలింపులు తరచుగా పరిహరింపబడ్డాయి. వాటిని గేయానికి బాహ్యమైనవిగా భావించడం పొరపాటు. పాటలో సగం కాలం వాటిదే.

ఎద్దులు నడిచే దూరం నీటి లోతును బట్టి ఉంటుంది. వానల తరువాత నీరు పైకి వచ్చినపుడు నడక పొట్టిది, పాదమూ పొట్టిదే. ఎండాకాలంలో నీరు అడుగంటేకొద్దీ నడక పెరుగుతుంది, అదే పాదాన్ని ఇంకా సాగదీయవలసి వస్తుంది. కనుక కపిల పాటకు ఒకే ఒక ‘సరైన’ నిడివి ఉండదు. ఛందోదృష్టితో మాత్రలు లెక్కించేవారికి ఇది ఇబ్బంది కలిగించే అంశమే. ఇక్కడ మాత్రను నిర్ణయించేది నీటిమట్టం.

సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ పీఠభూమిలో, గట్టి రాతి పైనున్న శిథిల శిలాపొరల్లో నిలిచే నీరే తవ్వుడు బావులకు ఆధారం. మొదట విద్యుత్ మోటార్లు కపిలను తొలగించాయి. అప్పటికి బావి మిగిలింది. తరువాత బోర్లు రాతి పగుళ్లలోకి దిగి ఆ పైపొర నీటినీ హరించాయి. బోర్ల తవ్వకాన్ని నియంత్రించే వాల్టా చట్టం 2002లో వచ్చేనాటికే చాలా బావులు ఎండి ఉన్నాయి. పాట మొదట పనిని, ఆ తరువాత చోటును కోల్పోయింది.

పని పోతే పాట పోవాలన్న నియమం లేదు. తూర్పు నేపాల్, సిక్కిం ప్రాంతాల లింబూ ప్రజల ‘పాలం’ గానం ఇందుకు మంచి ఉదాహరణ. వరికంకులను కాళ్లతో తొక్కి నూర్చే పనితో ముడిపడిన నృత్యంలో స్త్రీపురుషులు చేతులు పట్టుకొని, ప్రశ్నకు జవాబుగా దీనిని పాడతారు. ఒకే వంశానికి చెందినవారు జతకూడరాదు. పరిచయానికి, సరసానికి, సంబంధానికి అది దారి కనుక కళ్లం దాటి పెళ్లిళ్లకూ సంతలకూ చేరి నిలిచింది. అనంతపురంలోనే చెక్క భజన, కోలాటం గుడినీ తిరునాళ్లనూ ఆశ్రయించి నిలిచాయి. వాటికి బృందం ఉంది, చూసేవారున్నారు. కపిల పాటకు ఉన్నవి రెండు ఎద్దులు. దానిని వేదిక మీదికి తెచ్చినా, లాగే బరువు లేని గొంతు పాదాన్ని ఎక్కడ ఆపాలి?

యౌవనంలో కపిల తోలినవారు నేడు వృద్ధులు. వారిని గదిలో కూర్చోబెట్టి పాడమంటే రెండు మూడు చరణాలు వస్తాయి, అవి ఇదివరకే అచ్చయినవాటిని పోలి ఉంటాయి. ఎండిన బావి గట్టు మీదికి తీసుకువెళ్లి, ఎద్దులు దిగిన దారిలో నడిపిస్తూ పాడించి, ఆ దారి పొడవును, బావి లోతును, ఎద్దుల పేర్లను, వెనుకకు పిలిచిన అదలింపులను కూడా పాఠంతోపాటు నమోదు చేయవచ్చు. ఏటవాలు దారులను చదును చేసి పొలంలో కలుపుకోని బావులు ఇంకా ఉన్నచోట ముందుగా జరగవలసిన పని ఇది.