పాలిచ్చే తల్లి స్పాకు వెళ్లవచ్చా?

నేరేడ్‌మెట్ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల, అటు వినాయక్‌నగర్, ఇటు సైనిక్‌పురి దాకా బ్యూటీ పార్లర్లకు, స్పాలకు కొదవ లేదు. మిలిటరీ కుటుంబాలు, ఉద్యోగాల కోసం సొంతూళ్లు వదిలి వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతమిది. పురిటికి పుట్టింటికి వెళ్లి మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగొచ్చిన తల్లికి నడుంనొప్పి, మెడ పట్టేయడం, నిద్రలేమి తప్పవు. నూనె రాసి ఒళ్లు పట్టే అమ్మ, అమ్మమ్మ పక్కన ఉండరు. పోనీ స్పాకు వెళదామంటే భయాలు అడ్డం వస్తాయి: ఆ వేడికి పాలు విరిగిపోతాయని, ఆ నూనెలు పాలలోకి దిగుతాయని. మొదటిది ఒట్టి భయం. రెండోదానిలో మాత్రం కొంత నిజం ఉంది.

నువ్వుల నూనె మర్దన, సున్నిపిండి నలుగు, కాగిన నీళ్ల స్నానం, ఆపైన సాంబ్రాణి పొగ. మన ఇళ్లలో బాలింతకు చేసే ఈ సేవలు చాలావరకు స్పాలో జరిగేవాటిలాంటివే. కాబట్టి అక్కడికి వర్తించే జాగ్రత్తలన్నీ ఇంటికీ వర్తిస్తాయి.

ముందు వేడి సంగతి. హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో 2017 నుంచి ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకు నడుస్తోంది. ఇలాంటి బ్యాంకుల్లో దాతలిచ్చిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు ఉంచి, ఆ తర్వాతే నెలలు నిండని పసికందులకు పడతారు. అంత వేడికే విరగని పాలు, ఆవిరి గదిలో కాసేపు కూర్చున్నంత మాత్రాన తల్లి ఒంట్లో విరుగుతాయా? మన శరీరం చెమట పట్టించి లోపలి వేడిని 37 డిగ్రీల దరిదాపుల్లోనే నిలుపుకుంటుంది.

అసలు ప్రమాదం ఆ చెమటతో ఒంట్లో నీరు తగ్గిపోవడంలోనే ఉంది. అది చాలదన్నట్టు బాలింత నీళ్లు ఎక్కువ తాగితే ఒళ్లు నీరు పడుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ప్రసవం తర్వాత రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. మొదటి ఆరు వారాల్లో ఈ ముప్పు ఎక్కువ. పన్నెండో వారం వరకూ కొంత మిగిలే ఉంటుంది. దానికి ఒంట్లో నీరు తగ్గడం తోడైతే మెదడులోని సిరల్లో కూడా గడ్డ ఏర్పడవచ్చు. హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజీ వైద్యులు అలాంటి 428 మంది రోగుల వివరాలను 2012లో ప్రచురించినప్పుడు, కారణాల జాబితాలో బాలింత దశ కూడా ఉంది. అందుకే ఆవిరి స్నానానికి ముందూ తర్వాతా కడుపు నిండా నీళ్లు తాగాలి, పది నిమిషాలు మించి కూర్చోకూడదు, తల తిరిగినట్టుంటే వెంటనే బయటికి రావాలి. కాన్పు తర్వాతి రక్తస్రావం ఆగి, కుట్లు మానేదాకా తొట్టి స్నానం వద్దు.

ఇక నూనెలు. పాలు తయారయ్యే గ్రంథుల్లో కణాల మధ్య సన్నని సందులు ఉంటాయి. కాన్పు తర్వాత మొదటి కొద్ది రోజులు అవి తెరుచుకుని ఉంటాయి. పాలు బాగా పడ్డాక మూసుకుపోతాయి. ఆ తర్వాత ఏ పదార్థమైనా కణాల పొర దాటుకునే పాలలోకి రావాలి. అణువులు చిన్నవై, కొవ్వులో కరిగేవైతే సులువుగా దాటుతాయి. సుగంధ తైలాలకు ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. 2008లో డెన్మార్క్ పరిశోధకులు పాలిచ్చే తల్లులకు సువాసన పదార్థాలు నింపిన గుళికలు మింగించి చూశారు. సోంపులోని వాసన పదార్థం రెండు గంటలకు పాలలో గరిష్ఠ స్థాయికి చేరింది. పుదీనాకు ఆ వాసననిచ్చే మెంథాల్ రెండో గంట నుంచి ఎనిమిదో గంట దాకా ఉంది. అయినా పాలలోకి వచ్చింది చాలా స్వల్పం. పైగా అవి మింగినవి. చర్మం మీద పలచగా రాసుకున్న నూనె నుంచి రక్తంలోకి చేరేది మామూలుగా ఇంకా తక్కువే.

పాల ద్వారా చేరేదాని కంటే నేరుగా బిడ్డ నోటికీ ముక్కుకూ తగిలేదే ఎక్కువ. రొమ్ము మీద రాసిన నూనెను బిడ్డ నాకుతుంది. కర్పూరం పసిపిల్లలకు విషం. లోపలికి వెళితే మూర్ఛలు రావచ్చు. మెంథాల్ ఘాటు పసిబిడ్డ ముక్కుకు తగిలితే ఊపిరి తీయడం కష్టమవుతుంది. కొబ్బరి నూనెలో కర్పూరం కలిపి బాలింతకు రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది మానాలి. పైగా చనుమొన చుట్టూ ఉండే చిన్న గ్రంథుల వాసనను బట్టే బిడ్డ రొమ్మును వెతుక్కుంటుంది. గాఢమైన అత్తరు వాసన దాన్ని కప్పేస్తుంది. వాసన లేని నూనె వాడమనండి, రొమ్ముల జోలికి రావద్దని చెప్పండి, పాలిచ్చే ముందు ఛాతీ కడుక్కోండి.

మల్లెపూల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాలు ఆపాలనుకునే తల్లికి రొమ్ముల మీద మల్లెపూలు కట్టడం దక్షిణాదిలో పాత పద్ధతి. 1988లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ ప్రసూతి వైద్యుల పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మందుతో పోల్చి చూసింది. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను మందే ఎక్కువ తగ్గించింది కానీ, పాలు తగ్గించడంలో పూలు దానికి సమానంగా పనిచేశాయి. జడలో మూర పూలకు భయపడనక్కర్లేదు. మల్లె తైలంతో ఛాతీ మర్దన మాత్రం పాలిచ్చే తల్లికి తగదు.

రొమ్ములో పాలు గడ్డకట్టినప్పుడు గట్టిగా పిసికితే ఆ గడ్డ కరుగుతుందన్నది మరో పొరపాటు నమ్మకం. తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ అకాడమీ 2022లో దీనిపై స్పష్టంగా చెప్పింది: గట్టి మర్దన లోపలి వాపును పెంచుతుంది; చల్లని గుడ్డ వేయడం మేలు.

మెడ, భుజాలు, వీపు నెమ్మదిగా మర్దన చేస్తే పాలు తగ్గవు. ఆందోళన చేపును, అంటే పాలు దిగడాన్ని, అడ్డుకుంటుంది. ఒళ్లు తేలికపడితే ఆక్సిటోసిన్ హార్మోన్ బాగా విడుదలై చేపు సులువవుతుంది. మసాజ్ మధ్యలో పాలు కారితే కంగారు పడకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. మీదీ అదే అయితే కుట్టు పూర్తిగా మానేదాకా పొట్ట మీద చెయ్యి వేయనివ్వకండి.

ఫేషియల్, వ్యాక్సింగ్, పెడిక్యూర్ చేయించుకోవచ్చు. జుట్టు సాఫీ చేసే కెరటిన్ చికిత్సలు వద్దు. వాటిలో చాలావాటి నుంచి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. తెల్లబరిచే క్రీములు అసలే వద్దు. చట్టం ఒప్పకపోయినా పాదరసం ఉన్నవి బజారులో దొరుకుతూనే ఉన్నాయి. పాదరసం పాలలోకీ వెళుతుంది, తల్లి చేతుల నుంచి బిడ్డకూ అంటుతుంది.

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా ఉంటే మసాజ్ మాట మరిచి అదే రోజు డాక్టరును కలవండి. అలాంటిదేమీ లేకపోతే బిడ్డకు పాలిచ్చి బయలుదేరండి. ఇంట్లోవాళ్లకు ఒక్క మనవి: ఆమె తిరిగొచ్చేదాకా బిడ్డను మీరు చూసుకోండి, ఫోన్ చేసి తొందరపెట్టకండి.