సూక్ష్మజీవి కలుజు

చెరువు నిండినప్పుడు కలుజు పారకున్న కట్ట తెగును. ఇట్టి యేర్పాటే కంటికి కనబడని సూక్ష్మజీవులయందును గలదని మేము బాలురకు చెప్పుచుందుము.

మన ప్రేవులలో వసించు ఎషెరిషియా కోలై అను సూక్ష్మజీవి, ఉప్పు హెచ్చుగా నున్నచోట పొటాసియము మున్నగు పదార్థములను లోపల కూడబెట్టుకొనును. అది అకస్మాత్తుగా వాననీటిలో బడినచో నీరు లోనికి జొరబడి కణము ఉబ్బును. పైపొర బిగిసినంతనే అందలి మాంసకృత్తుల ద్వారములు తామే తెరచుకొనును. వానిలో పెద్దదాని వెడల్పు సుమారు 3 నానోమీటర్లు. కూడబెట్టినది వెలికిపోగా ఒత్తిడి తగ్గి, ద్వారములు మూతపడును.

వీనిని 1987లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మార్టినాక్, కుంగ్ ప్రభృతులు కనుగొనిరి. 1999లో స్కాట్లండునందలి అబర్డీన్‌లో బూత్ బృందమువారు రెండు విధముల ద్వారములును లేని సూక్ష్మజీవులను ఉప్పు తగ్గిన నీటిలోనికి మార్పగా, అవి చాలవరకు నశించెను.

తల్లిదండ్రులు గ్రహింపవలసిన దొకటి గలదు. మురుగునుండి మంచినీట గలిసిన క్రిమి అంతమాత్రమున చావదు. వీనిలో కొన్ని తెగలు విరేచనములు కలిగించును. నీరు తేటగా నున్నదని నమ్మరాదు. మరగు నీటి వేడినుండి మాత్రము ఈ ద్వారములు వానిని కాపాడజాలవు. కావున బిడ్డలకు కాచి చల్లార్చిన నీరే యిచ్చి బడికి పంపుడని మా మనవి.